తాలపుటుడి ప్రశ్న, మన ఇంటి టీవీ

రాజగృహంలో, వేణువనంలో ఉన్న బుద్ధుని దగ్గరకు ఒకనాడు ఒక నటుడు వచ్చాడు. పేరు తాలపుటుడు. నాటక బృందానికి నాయకుడు. రంగస్థలం మీద నిజమో అబద్ధమో చెప్పి జనాన్ని నవ్వించినవాడు చనిపోయాక నవ్వే దేవతల లోకానికి పోతాడని మా పాత గురువులు చెప్పారు, మీరేమంటారు అని అడిగాడు. ఆ ప్రశ్న వద్దు, వదిలెయ్ అన్నాడు బుద్ధుడు. మూడోసారి అడిగాక జవాబిచ్చాడు. చూసేవాళ్లలో రాగం, ద్వేషం, మోహం ముందే ఉన్నాయి, నటుడు వాటిని ఇంకా రాజేస్తే అతను పోయేది దేవలోకానికి కాదు, నరకానికి అన్నాడు. తాలపుటుడు ఏడ్చాడు. ఈ మాట విన్నందుకు కాదట, ఇన్నాళ్లూ పాత గురువుల మాట నమ్మి మోసపోయినందుకట. సంయుత్త నికాయంలోని కథ ఇది.

నరకం సంగతి పక్కన పెడదాం. బాబాసాహెబ్ చూపిన దారిలో ధమ్మంలోకి వచ్చిన మనకు అది ముఖ్యం కాదు. ముఖ్యమైనది ఆ కొలబద్ద. జనం నవ్వారా, ఏడ్చారా అని బుద్ధుడు చూడలేదు. నవ్వి, ఏడ్చి లేచాక వాళ్లలో ఏది పెరిగింది అని చూశాడు. టీవీ ముందు కూర్చునే మనం అడగవలసిన ప్రశ్న కూడా అదే.

మా బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. మూడో తరం పిల్లలు చాలామందికి తెలుగు అక్షరాలు రావు. బడిలో హిందీ, బుధవారీ బజారులో ఛత్తీస్‌గఢీ. తెలుగు మాట సగం అమ్మమ్మ దగ్గర, సగం టీవీ దగ్గర నేర్చుకుంటారు. అందుకే తెలుగు సీరియల్, తెలుగు కామెడీ మాకు కాలక్షేపం మాత్రమే కాదు, బడి కూడా. ఆ బడిలో ఏం చెబుతున్నారో చూడవలసిన బాధ్యత పెద్దవాళ్లది.

మేము ఆదివారాలు వందన అయ్యాక పిల్లలకు చదువు చెబుతాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉన్నట్టుండి రావడం మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే తెలిసింది, వీధిలో అందరూ ఆమెను ‘వంటలక్క’ అంటున్నారట. పిల్ల నల్లగా ఉంటుంది. అంతకు మించి కారణం లేదు.

‘కార్తీకదీపం’ చూడనివాళ్లు తెలుగువాళ్లలో తక్కువ. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచింది. నల్లగా ఉందని చిన్నబుచ్చుకున్న దీప, భర్త అనుమానిస్తే బయటికి వచ్చి వంట చేసి పిల్లను పెంచుకుంటుంది. రంగు మీద మన సమాజానికున్న చిన్నచూపును ప్రతి సాయంత్రం ఇంటింటికీ తెచ్చిన సీరియల్ అది, ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ మా వీధిలో దీప కోసం కళ్లొత్తుకున్నవాళ్లే ఆ పిల్లకు ఆ పేరు పెట్టారు. తెర మీది నల్లపిల్ల మీద కలిగిన జాలి గడప దాటి వీధిలోకి రాలేదు. నటికి నల్లరంగు పూసి చూపిన బాధ అది, కడుక్కుంటే పోతుంది. మా అమ్మాయి రంగు కడిగితే పోయేది కాదు.

ఇదే సీరియల్‌లో ఇంకో సంగతి. డాక్టరైన భర్తకు పిల్లలు తనవాళ్లేనా అన్న అనుమానం ఏళ్ల తరబడి సాగింది. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పోలేదా అని ఊరంతా నవ్వుకుంది, మేమూ నవ్వాం. లా చదివిన బుర్రకు తరువాత తట్టింది, ఆ నవ్వులోనూ తప్పుందని. వివాహబంధంలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే అని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షనే చెప్పింది. కాదనేవాడే రుజువు చేసుకోవాలి. అడిగినప్పుడల్లా రక్తపరీక్షకు ఆదేశించడం కుదరదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుందు కేసులో అన్నది. చట్టం భారాన్ని మగవాడి మీద పెట్టింది. కథ దాన్ని దీప మీదికి మార్చింది. పరీక్ష చేయించమని అరిచిన మనం కూడా అగ్నిపరీక్షకు ప్రయోగశాల చిరునామా ఇచ్చాం, అంతే.

ఇక నవ్వుల సంగతి. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన ‘అమృతం’లో అమృతరావు, ఆంజనేయులు హోటల్ పెట్టి, ప్రతి వారం తమ ఆశకూ తెలివితక్కువతనానికీ తామే బోల్తా పడేవారు. మనం నవ్వింది మనలోని మోహాన్ని చూసి. నవ్వాక కాస్త తేలికపడేవాళ్లం. 2013లో ‘జబర్దస్త్’ వచ్చాక స్కిట్ల కాలం మొదలైంది. అందులో మంచి నటులున్నారు, పేదరికం నుంచి పైకొచ్చిన కళాకారులున్నారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చెయ్యం. అయితే చాలా స్కిట్లలో పంచ్ పడేది ఒంటి రంగు మీద, లావు మీద, ఆడవేషం కట్టిన మగవాడి మీద. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే జనం వెక్కిరించలేదు, ముగ్ధులయ్యారు. వేషం తప్పు కాదు, వెక్కిరింత తప్పు.

డ్రామా ఏడిపిస్తుంది, కామెడీ నవ్విస్తుంది, రెండింటిలోనూ ఆచారం మాత్రం క్షేమంగా తప్పించుకుంటుంది. కామెడీకి ఒక బలహీనుడు కావాలి, సీరియల్‌కు ఒక విలన్ కావాలి. 2019 డిసెంబరులో అండ్ టీవీలో బాబాసాహెబ్ జీవితం మీద ‘ఏక్ మహానాయక్’ మొదలైనప్పుడు మా ఇళ్లలో పండగే. ఒక దళిత కుటుంబం సాయంత్రపు కథకు మధ్యలో నిలబడటం చిన్న విషయం కాదు. అందులోనూ కుట్రలు పన్నే విలన్లు తప్పలేదు.

బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్న 1901 నాటి ప్రయాణంలో విలన్ లేడు. మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లలను స్టేషన్ మాస్టర్ ఆదరంగా పలకరించాడు. మహార్లమని తెలియగానే ఆయన ముఖం మారిపోయింది, గదిలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. మైలపడతామని బండివాళ్లెవరూ ఒప్పుకోకపోతే, రెట్టింపు కిరాయికి పిల్లలే బండి తోలుకునేలా, బండివాడు పక్కన నడిచేలా కుదిర్చిందీ ఆయనే. చెడ్డవాడు కాదు. రైల్వే ఊళ్లో బతికే మాకు అలాంటి ముఖాలు తెలుసు. కులానికి మీసం మెలేసే విలన్ అక్కర్లేదు, ముఖం మారితే చాలు. ఆ మారిన ముఖాన్ని చూపగల సీరియల్ కోసం మేము ఇంకా ఎదురుచూస్తున్నాం.

టీవీ కట్టేయమని మేము అనం. కట్టేస్తే మా పిల్లల తెలుగు కూడా సగం పోతుంది. పిల్లలతో కలిసి కూర్చుని చూడండి, అయ్యాక ఎవరిని చూసి నవ్వామో అడగండి. కించపరిచే కార్యక్రమం మీద ప్రేక్షకుడు నేరుగా ఛానల్‌కు ఫిర్యాదు రాయవచ్చని, 15 రోజుల్లో జవాబివ్వాలని 2021లో సవరించిన కేబుల్ టీవీ నియమాలు చెబుతున్నాయి. రాయండి.

ఆ అమ్మాయి మళ్లీ వస్తోంది, కానీ వెనక వరుసలో కూర్చుంటోంది. “ప్రేమగానే అన్నాం కదండీ, దీప మంచిది కదా” అన్నది పక్కింటావిడ. దీప మంచిదే. ఆ పిల్లకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ముందు ఆ పేరుతో పిలుద్దాం.