ఇప్పుడు కాదు, మళ్లీ తీసుకురండి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో రాసి పంపే ప్యాచ్‌లతో పెరుగుతోంది. పంపేవాళ్లు వందల్లో ఉంటారు. వాటిని కోడ్‌లో చేర్చే అధికారమున్న కమిటర్లు మాత్రం కొద్దిమందే. ఆ కొద్దిమంది నలిగిపోకుండా, ఎవరి శ్రమా మూలన పడకుండా వాళ్లు కుదుర్చుకున్న పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది.

అది దెబ్బ తిని నేర్చుకున్న పద్ధతి. 8.3 వెర్షన్‌కి కొత్త ఫీచర్లు తీసుకోవడం 2007 ఏప్రిల్‌లో ఆపారు. రివ్యూ కాని ప్యాచ్‌లు అప్పటికే గుట్టపడి ఉన్నాయి. విడుదల 2008 ఫిబ్రవరికి గానీ కాలేదు. ఆ ఏడాదే కమిట్‌ఫెస్ట్ అనే ఏర్పాటు మొదలైంది. జులై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి నెలల్లో సొంత కోడ్ కాస్త పక్కనపెట్టి ఇతరుల ప్యాచ్‌లు చదువుతారు. మన నాట్లకు వచ్చినవాళ్ల పొలానికి మనం బదులు వెళ్లినట్టు, ప్యాచ్ పంపినవాళ్లు అంతే బరువున్న ఇంకొకరి ప్యాచ్ చూడాలన్నది అక్కడి కట్టుబాటు.

ప్రతి ప్యాచ్ పక్కనా దాని స్థితి ఉంటుంది: రివ్యూ కావాలి, రాసినవారి జవాబు రావాలి, కమిటర్‌కి సిద్ధం. పని ఎవరి దగ్గర ఆగిందో చూడగానే తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ‘సూచనలతో తిప్పి పంపాం’ అనే స్థితి. తిరస్కరణకు వేరే మాట ఉంది. ఈ మాట మాత్రం, లోపాలు దిద్దుకుని మళ్లీ రమ్మంటుంది.

మార్చి కమిట్‌ఫెస్ట్ అయ్యాక ఏప్రిల్ మొదట్లో, కొత్త ఫీచర్లు తీసుకోవడం ఆపే ఫీచర్ ఫ్రీజ్. ఈమధ్య ఆ గడువును భూమ్మీద అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారే చోటి గడియారంతో లెక్కిస్తున్నారు. ఏ దేశంలో కూర్చున్నవారికీ ముందే తలుపు మూసుకోదు. అది దాటాక దోషాలు వెతకడం, దిద్దడమే పని.

ఈ కట్టుబాటు గట్టితనం 2022లో తెలిసింది. జేసన్ రూపంలోని డేటాతో పనిచేసేందుకు ఏళ్ల తరబడి తయారైన ఎస్‌క్యూఎల్-జేసన్ ఫీచర్లు ఫ్రీజ్ లోపే వెర్షన్ 15లో చేరాయి, బీటాల్లోనూ వచ్చాయి. కానీ ఎర్రర్లను సంభాళించే తీరు మీద గట్టి అభ్యంతరాలొచ్చాయి. విడుదలకు నెలన్నర ముందు, సెప్టెంబరులో, మొత్తం వెనక్కి తీశారు. తర్వాత పునాది దగ్గర నుంచి పని మొదలుపెట్టారు. చెడ్డ విలువ తగిలితే క్వెరీ అంతా ఆగిపోకుండా, తప్పును మృదువుగా తెలియజేసే ఏర్పాటు ముందు కట్టారు. కొన్ని ఫీచర్లు 16లో వచ్చాయి. వాటిలోదే అయిన జేసన్ టేబుల్ 2024లో, 17తో వచ్చింది.

అక్కడ కమిట్ సందేశాల్లో రాసినవాళ్ల పేర్ల కిందే రివ్యూ చేసినవాళ్ల పేర్లూ ఉంటాయి. ఆగమన్నవాళ్లకూ ఆ పనిలో వాటా ఉందని ఆ వరుస ఒప్పుకుంటుంది.