చూపు ఎక్కడ మళ్లింది?

పసిపిల్లల కోసం తీసిన లఘు యానిమేషన్ చిత్రాన్ని, అంటే బొమ్మలకు చలనం కల్పించి అయిదారు నిమిషాల్లో ముగించే కథను, అంచనా వేయడంలో మొదటి చిక్కు ఏమిటంటే, ఆ పని చేసేవారెవరూ దానికి అసలు ప్రేక్షకులు కారు. హైదరాబాదులో రెండేళ్లకోసారి జరుగుతూ వచ్చిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవంలో పెద్దలతో పాటు బడిపిల్లల జ్యూరీని కూడా కూర్చోబెట్టే మంచి ఆనవాయితీ ఉండేది గాని, నాలుగేళ్ల పిల్లతో మార్కులు వేయించడం కుదిరే పని కాదు. బాగుందా అని అడిగితే, అడిగినవారి ముఖం చూసి బాగుందనే అంటుంది. అందువల్ల ఆ వయసువారి తీర్పును మాటల్లో కాక చూపుల్లో వెతకవలసి ఉంటుంది.

అమెరికాలో 1969లో ‘సెసమీ స్ట్రీట్’ ప్రసారం మొదలయ్యే ముందు ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు ఇందుకొక పద్ధతి రూపొందించాడు. టీవీ పక్కనే మరో తెర పెట్టి, దాని మీద ఏడున్నర సెకన్లకొక స్లైడు మారేలా చేసి, పిల్లల కళ్లు ఏ క్షణంలో టీవీని వదిలి అటు మళ్లాయో గుర్తు వేసుకునేవారు. చూపు మళ్లిన చోట లోపం బిడ్డది కాదు, చిత్రానిదేనని భావించడం ఈ పద్ధతిలోని సంస్కారం. తెలంగాణలోని కొత్తగూడ మండలంలో ఏ అడవి పల్లె అంగన్‌వాడీలోనైనా ఇదే పరీక్ష పెట్టదలచినవారికి రెండో తెర ఖర్చు ఉండదు. గడపలోకి వచ్చిన మేకపిల్ల చాలు.

అయితే చూపు నిలిచినంత మాత్రాన చిత్రం మంచిదైపోదు. దృశ్యం ఉన్నట్టుండి మారినా, పెద్ద చప్పుడైనా కన్ను తనంతట తానే అటు తిరుగుతుంది, దాన్ని ఆసక్తి అనలేము. ఏంజెలీన్ లిలార్డ్, జెనిఫర్ పీటర్సన్ 2011లో ప్రచురించిన ప్రయోగంలో 60 మంది నాలుగేళ్ల పిల్లలు పాల్గొనగా, సగటున 11 సెకన్లకొకసారి దృశ్యం మారే కార్టూన్‌ను తొమ్మిది నిమిషాలు చూసినవారు, 34 సెకన్లకు మారే చిత్రం చూసినవారికంటే, బొమ్మలు గీసుకున్నవారికంటే ఆ వెంటనే పెట్టిన పరీక్షల్లో వెనకబడ్డారు. ఆ పరీక్షలు కొలిచింది నిర్వహణ సామర్థ్యాన్ని, అంటే తొందర ఆపుకుని, చెప్పింది గుర్తుంచుకుని పని చేసే శక్తిని. ఒక చిన్న ప్రయోగంతో వేగాన్నే దోషిగా తేల్చడం తొందరపాటే, పైగా ఆ కార్టూన్‌లో వింతలూ ఎక్కువే.

కొత్తగూడ వరకు అంతకంటే విలువైనది డేనియల్ ఆండర్సన్ బృందం 1981లో ప్రకటించిన ఫలితం: బొమ్మలు అవే ఉంచి, మాటలను మాత్రం పిల్లలకు తెలియని భాషలోకి మార్చినా, వెనక నుంచి ముందుకు తిప్పి వినిపించినా, చిన్నపిల్లలు తెరను చూడటం తగ్గించారు. కోయ, లంబాడా కుటుంబాలున్న ఈ ప్రాంతంలో ఇంట్లో కోయ మాటో లంబాడీ మాటో విని పెరిగిన మూడేళ్ల బిడ్డకు పుస్తకాల తెలుగులో సాగే వ్యాఖ్యానం సగం చప్పుడే కావచ్చు. కోయ తెలుగుకు దగ్గరి ద్రావిడ భాషే అయినా ఆ చుట్టరికం మూడేళ్లకు అక్కరకు రాదు. అలాంటి బిడ్డ చూపు మళ్లితే తప్పు బొమ్మదో మాటదో తేల్చాలంటే చిత్రాన్ని ఒకసారి శబ్దం లేకుండా చూపడం తప్పనిసరి. విజయా మూలే, యానిమేషన్ కళాకారుడు భీమ్‌సేన్‌తో కలిసి ఫిల్మ్స్ డివిజన్‌కు 1974లో తీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ను ఇలా చూస్తే, వలలో పడ్డ పక్షులన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోయే కథ మాట లేకుండానే అందుతుంది, ఒకటికీ అనేకానికీ తేడా చెప్పే సంభాషణ మాత్రం అందదు, మెచ్చుకోలు ఈ రెంటికీ వేర్వేరుగా దక్కాలి.

బొమ్మ మాట కోసం ఆగడం ఈ నేలకు కొత్త కాదు. కోయల వంశగాథలు పాడే డోలివారు పడిగెను, అంటే పూర్వీకుల బొమ్మలున్న త్రికోణపు గుడ్డను ముందుంచుకుని పాడతారు. అక్కడ పాట ముగిసేదాకా బొమ్మ కదలదు. తెర మీది బొమ్మకు ఆ ఓపిక లేదు గనుక, చిత్రం ముగిశాక అందులోని నాలుగు దృశ్యాల బొమ్మలను చాప మీద పరిచి వరుసలో పెట్టమనడం, ‘నచ్చిందా’ అనే ప్రశ్నకంటే ఎక్కువ చెబుతుంది. చిన్నపిల్లలు చిత్రం చూస్తూనే దానితో మాట్లాడతారు కూడా. ఆ మాటలు కోయలో వచ్చినా లంబాడీలో వచ్చినా వచ్చినట్టే రాసుకోగల అంగన్‌వాడీ టీచరో ఆయమ్మో పక్కన లేని పరీక్షలో నమోదయ్యేది బయటి నుంచి వచ్చినవారికి అర్థమైనంత మాత్రమే.