సూర్యకిరణ్ గొప్పా, సారంగ్ గొప్పా?

విమానాల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే మాట ఎటు తిరిగినా చివరికి ఇక్కడికే వస్తుంది: సూర్యకిరణ్ గొప్పా, సారంగ్ గొప్పా? రెండూ మన వాయుసేన విన్యాస బృందాలే; మొదటిది జెట్లది, రెండోది హెలికాప్టర్లది. ఓట్లు దాదాపు అన్నీ జెట్టుకే పడతాయి. తొమ్మిది హాక్ విమానాలు ఎరుపూ తెలుపూ మెరుస్తూ, రెక్కకు రెక్క ఆనించుకున్నట్టు దూసుకొస్తుంటే వేరే మాట ఎలా వస్తుంది! హెలికాప్టర్ల వంతు రాగానే నీడ వెతుక్కుంటూ లేచి వెళ్లేవాళ్లను హైదరాబాదు బేగంపేటలో చూశాను. ఆ తీర్పు సగమే సరైనదని నా వాదన. సూర్యకిరణ్‌ది పెద్ద విద్య, అందులో సందేహం లేదు. కానీ దాని అభిమానులు చప్పట్లు కొట్టాల్సిన చోట ఊరుకుని, ఊరుకోవాల్సిన చోట కొడుతున్నారు. ఇక సారంగ్‌లో ఏం చూడాలో చెప్పేవాళ్లే కరువయ్యారు.

కామారెడ్డి జిల్లా పెద్దకొడప్‌గల్ వాళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు. మాకు దక్షిణాన, రాష్ట్ర సరిహద్దు దాటితే బీదర్. సూర్యకిరణ్ బృందం 1996 మేలో పుట్టింది అక్కడి వైమానిక స్థావరంలోనే. వాయుసేన 2008 ఫిబ్రవరిలో హాక్ శిక్షణ విమానాలను లాంఛనంగా చేర్చుకున్నదీ అక్కడే. ఈ ప్రాంతంలో సోయా చేలల్లో పనిచేసేవాళ్లు జెట్టు చప్పుడు వినబడితే తలెత్తి పిల్లలకు చెప్పే మాట ఒకటుంది: "అగో, సప్పుడు కాడ కాదు, దానికంటె ముందల సూడు." చప్పుడు మనదాకా వచ్చేలోపు జెట్టు చాలా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరైనది. కుర్చీల్లో కూర్చుని చూసే చాలామందికి ఈ కిటుకు తెలియదు. వాళ్లు తల తిప్పేసరికి పొగ ఒక్కటే మిగులుతుంది.

ముందుగా జెట్ల సంగతి. సూర్యకిరణ్‌లో చూడాల్సింది విమానాన్ని కాదు, విమానాల మధ్య ఉన్న ఖాళీని. హాక్ రెక్కల వెడల్పు దాదాపు పది మీటర్లు. బిగువైన ఫార్మేషన్‌లో రెండు విమానాల మధ్య ఎడం అందులో సగం, అంటే ఐదు మీటర్ల దాకా తగ్గుతుంది. ఆ ఎడం లూప్ మొదలైన దగ్గర ఎంతుందో, లూప్ నెత్తిన తొమ్మిదీ తలకిందులైనప్పుడూ అంతే ఉండాలి. పైకి ఎక్కేకొద్దీ వేగం పడిపోతుంది, దిగేకొద్దీ పెరుగుతుంది. అయినా ఆకారం చెదరకూడదు. నాయకుడు నడిపే విమానం ఇంజన్ శక్తిని ఎప్పుడూ పూర్తిగా వాడుకోదు. వెనకవాళ్లు ముందుకు జరిగి సర్దుకోవడానికి కొంత మిగిల్చి ఉంచుతాడు. ఫార్మేషన్ మొత్తం ఒక పక్కకు దొర్లేటప్పుడు లోపలి వైపు విమానం తక్కువ దూరం తిరుగుతుంది, బయటి చివరి విమానం ఎక్కువ దూరం తిరుగుతుంది. అంటే బయటివాడు అదనపు వేగంతో ఎగబాకాలి, లోపలివాడు వెనక్కి తగ్గాలి. ఎవరి లెక్క వాళ్లది. కిందనున్న మనకు మాత్రం ఒకే పలక తిరిగినట్టు కనబడాలి. ఇదంతా చేసే పైలట్ నేలను చూడడు, ఆకాశాన్నీ చూడడు. తన ముందున్న విమానం మీద ఒకటి రెండు గుర్తులు పెట్టుకుని వాటినే చూస్తూ ఉంటాడు. నాయకుడి మీద అంత నమ్మకం లేనివాడు ఆ వరుసలో ఒక్క నిమిషం కూడా నిలవలేడు.

2024 డిసెంబరు 8న తెలంగాణ ప్రభుత్వ ప్రజాపాలన విజయోత్సవాల్లో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ మీద సూర్యకిరణ్ ప్రదర్శన జరిగింది. ట్యాంక్‌బండ్ జనంతో నిండిపోయింది. తొమ్మిది విమానాలూ దూరాన మలుపు తీసుకుని నీటి మీదుగా తిరిగొచ్చే ఘట్టమే ఆ సాయంత్రానికి తలమానికం. ఆ మలుపులో మొదట తొమ్మిది చుక్కలు, తర్వాత ఒక గీత, ఆపైన వజ్రాకారం కనబడతాయి. జనం మాత్రం అప్పుడు మాటల్లో ఉండి, మూడు రంగుల పొగ రాగానే ఈలలు వేస్తారు. పొగ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను: వేడి ఎగ్జాస్ట్‌లోకి డీజిల్ చిమ్మితే తెల్ల పొగ వస్తుంది, రంగు కలిపితే రంగు పొగ వస్తుంది. ముచ్చటైనదే, కానీ నేర్పు అక్కడ లేదు.

హాక్ అభిమానులకు నచ్చని మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. 2011 దాకా సూర్యకిరణ్ నడిపింది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన కిరణ్ మార్క్ 2 విమానాలను. 1998 అక్టోబరు 8న వాయుసేన దినోత్సవానికి పాలంలో తొమ్మిది విమానాలతో ఎగిరింది వాటి మీదే. శిక్షణకు విమానాలు చాలక 2011 ఏరో ఇండియా ప్రదర్శన తర్వాత బృందాన్ని ఆపేశారు. కొన్నేళ్లకు హాక్ మార్క్ 132 విమానాలతో మళ్లీ కట్టారు. హాక్ నిస్సందేహంగా అందమైన విమానం. సన్నని ముక్కు, వెనక్కి వాలిన రెక్క, గంటకు వెయ్యి కిలోమీటర్లను అందుకునే వేగం. బ్రిటన్ రెడ్ యారోస్ బృందం దశాబ్దాలుగా హాక్‌నే నమ్ముకుంది. కిరణ్‌ది బొద్దు ముక్కు, తిన్నని రెక్క, నెమ్మది వేగం. ఫొటోలో హాక్‌దే గెలుపు. ప్రదర్శనలో మాత్రం కిరణ్‌కు ఒక మేలుంది. వేగం తక్కువ కాబట్టి చిన్న వలయంలో తిరిగి త్వరగా జనం ముందుకొచ్చేది. హాక్ మలుపు పెద్దది. ఒక విన్యాసానికీ ఇంకోదానికీ మధ్య ఆకాశం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ నింపడానికి బృందాన్ని విడగొట్టి, రెండు విమానాలను ఎదురెదురుగా దూసుకొచ్చేలా చేస్తారు. ఆ ఎదురుపోటు ఉత్కంఠగా ఉంటుంది, కాదనను. తొమ్మిదింటి కూర్పు ముందు అది రెండో మెట్టే. కిరణ్ బృందం ఒకే ఊపిరితో కథ చెప్పేది, హాక్ బృందం ఘట్టాలుగా చెబుతోంది. నా మొగ్గు ఇప్పటికీ కిరణ్ కాలానికే.

ఇక సారంగ్. 2003లో బెంగళూరులో ఏర్పడి, 2004 ఫిబ్రవరిలో సింగపూర్‌లో తొలి ప్రదర్శన ఇచ్చిన బృందం. తర్వాత దాని స్థావరం కోయంబత్తూరు దగ్గరి సూలూరు. ధ్రువ్ హెలికాప్టర్లు, ఒంటి మీద నెమలి బొమ్మ. జెట్ల ప్రదర్శన చూసిన కళ్లతోనే దీన్నీ చూస్తే తక్కువగా అనిపించడం ఖాయం. ధ్రువ్ రోటర్ వ్యాసమే పదమూడు మీటర్లు దాటుతుంది. తిరిగే రెక్కలు, అవి కిందికి తోసే గాలి ఉండగా హాక్‌లంత దగ్గరగా రావడం కుదరదు. కాబట్టి ఖాళీల అందం కోసం సారంగ్‌ను చూడడం దానికి అన్యాయం.

హెలికాప్టర్ అందం ఆగడంలో ఉంది. జెట్టు చేయలేని పని అదొక్కటే, అదే సారంగ్ విద్య మొత్తానికి మూలం. రెండు ధ్రువ్‌లు ఎదురెదురుగా వేగంగా వచ్చి పక్కపక్కనుంచి దాటిపోతాయి. తర్వాత నాలుగు ధ్రువ్‌లూ తిరిగి మన వైపు మొహం పెట్టి గాల్లో నిలబడతాయి, ముక్కు వంచుతాయి, అలాగే వెనక్కి నడుస్తాయి. వేగంలోంచి నిశ్చలానికి వచ్చే ఆ రెండు మూడు క్షణాలు చూడండి. ఆగబోయే ముందు ముక్కు పైకి లేస్తుంది, ముందుకు కదలబోయే ముందు కిందికి దిగుతుంది. ఆ వంపు నాలుగింటికీ ఒకే కోణంలో ఉందా, ఒకే క్షణంలో వచ్చిందా? అదీ సారంగ్‌ను కొలిచే కొలబద్ద. ఆ వంపు అంత కచ్చితంగా రావడానికి యంత్రం వైపు నుంచి ఒక కారణముంది. మామూలు హెలికాప్టర్లలో చాలావాటికి రోటర్ రెక్కలను కీళ్లతో బిగిస్తారు. పైలట్ చేసిన కదలిక ఒంటికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ధ్రువ్‌లో ఆ కీళ్లు లేవు. కాంపోజిట్ రెక్క మొదలే వంగుతూ పనిచేస్తుంది. పైలట్ చెయ్యి కదిపితే హెలికాప్టర్ వెంటనే పలుకుతుంది. సారంగ్ డాల్ఫిన్‌లా ఎగిసి దూకే విన్యాసం అంత చురుగ్గా సాగేది ఈ నిర్మాణం వల్లే.

ఇద్దరినీ నిజంగా పక్కపక్కన పెట్టి చూడాలంటే ఇద్దరూ వేసే ఒకే బొమ్మను తీసుకోవాలి. అది గుండె బొమ్మ. సూర్యకిరణ్ జంట కలిసి నిలువుగా ఎక్కి, పైన చెరోవైపు విడిపోయి, కింద కలుసుకుంటుంది. ఇంకో విమానం బాణమై మధ్యలోంచి దూసుకుపోతుంది. గీత నున్నగా, పెద్దగా, ఎత్తులో ఉంటుంది. సారంగ్ జంట కూడా ఇలాగే గీస్తుంది, కాకపోతే కింద, చిన్నగా, నెమ్మదిగా. గాలి ఉన్న రోజున కింది కొస కలిసేసరికి పై వంపు చెదిరిపోవడం మొదలవుతుంది. చిత్రలేఖనంగా చూస్తే జెట్టుదే పైచేయి. అయితే నా దృష్టిలో రెండు బృందాల ప్రదర్శనల్లోనూ అన్నింటికన్నా బలహీనమైన భాగం ఇదే. గుండె గీస్తున్నంతసేపూ మనం చూసేది పొగను; విమానం గీతకు పనిముట్టుగా మిగిలిపోతుంది. తొమ్మిదిమంది సమన్వయం, గాల్లో నిలబడే నేర్పు, రెండూ ఆ కాసేపు పక్కకు తప్పుకుంటాయి. పిల్లలు దాన్ని చూసి కేరింతలు కొడతారు. ఆ ఆనందాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. గాలిని లెక్కగట్టి రెండు వంపులూ సమంగా తేవడం తేలికేమీ కాదు కూడా. కానీ మైకులో వ్యాఖ్యానం చెప్పేవాళ్లు గొంతు పెంచేది ఎప్పుడూ అక్కడే, తొమ్మిది విమానాలూ లూప్ నెత్తిన ఉన్నప్పుడు చెప్పేవి మామూలు మాటలే. ప్రేక్షకుల అభిరుచి అలా తయారైందంటే అందులో మైకు పాత్ర కూడా ఉంది.

జెట్టుకూ హెలికాప్టర్‌కూ ఉన్న తేడా ఫొటోలు తీసేవాళ్ల చేతివేళ్లకే తెలుసు. జెట్టును పట్టాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు దాటి, పదహారు వందలో వంతు దాకా పెడతారు. అదే వేగంతో సారంగ్‌ను తీస్తే రోటర్ రెక్కలు గడ్డకట్టినట్టు నిలిచిపోతాయి. హెలికాప్టర్ ఎగురుతున్నట్టు కాక మేకుకు తగిలించిన బొమ్మలా ఉంటుంది. అందుకని సెకనులో రెండు వందలో వంతు దాకా, చెయ్యి కుదిరితే ఇంకా కిందికి దించాలి. అప్పుడు రోటర్ చక్రంలా పరుచుకుంటుంది, ఒళ్లు మాత్రం స్పష్టంగా వస్తుంది. ఆ వేగంలో చెయ్యి ఏమాత్రం వణికినా బొమ్మ పాడైనట్టే. జెట్టు ఫొటో తీయడం కష్టమని అందరూ అంటారు. మంచి సారంగ్ ఫొటో అంతకంటే అరుదు.

ఈ విద్యకు ప్రాణాలు ధారపోసినవాళ్ల పేర్లు అభిమానులకు తెలిసి ఉండాలి. 2006 మార్చిలో బీదర్ దగ్గర సాధనలో వింగ్ కమాండర్ ధీరజ్ భాటియా, స్క్వాడ్రన్ లీడర్ శైలేందర్ సింగ్. 2009 జనవరిలో బీదర్ దగ్గరే వింగ్ కమాండర్ ధాలివాల్. 2019 ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో రెండు హాక్‌లు ఢీకొన్నప్పుడు వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ. సారంగ్ వైపు 2007లో యలహంక సాధనలోనే స్క్వాడ్రన్ లీడర్ ప్రియేష్ శర్మ. హైదరాబాదు కళ్లముందే జరిగినది 2010 మార్చి 3 నాటిది: బేగంపేట ప్రదర్శనలో నౌకాదళ బృందం సాగర్ పవన్ విమానం బోయిన్‌పల్లిలో ఇళ్ల మధ్య కూలి కమాండర్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. ప్రదర్శనకు ముందు ఈ పేర్లు మైకులో చదివితే జనం ఉత్సాహమేమీ తగ్గదు. ఐదు మీటర్లంటే ఏమిటో అప్పుడే అర్థమవుతుంది.

సారంగ్‌కు ఇంకో బలముంది, అది ప్రదర్శన మైదానం అవతల కనబడుతుంది. హాక్ శిక్షణ విమానం. ఆకాశంలో మనం మెచ్చుకునే ఆ రంగుల జెట్టే బీదర్‌లో కుర్ర పైలట్లకు పాఠాలు చెబుతుంది. ధ్రువ్ మనుషులను మోసే యంత్రం. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో సారంగ్ బృందం విన్యాసాలు పక్కనపెట్టి సహాయ పనుల్లోకి దిగింది. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తినప్పుడు, మా జిల్లాను ఆనుకునే ఉన్న గంభీరావుపేట మండలం నర్మాలలో వాగు నడుమ చిక్కుకున్న రైతులను ఒడ్డుకు చేర్చింది సైనిక హెలికాప్టరే. ప్రవాహం మీద హెలికాప్టర్‌ను అంగుళం కదలకుండా నిలబెట్టడం ఏ స్థాయి నేర్పో, సారంగ్ ప్రదర్శనలో ముక్కు వంపును జాగ్రత్తగా చూసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మైదానంలో అలంకారంలా కనబడే విద్యే వాగు మీద అవసరమైంది.

కూర్పులో సూర్యకిరణ్‌దే పైచేయి. యంత్రాన్ని పూర్తిగా వశం చేసుకోవడంలో సారంగ్‌దే. ఇద్దరినీ ఒకే చోట నిలబడి చూడడం మాత్రం తప్పు. సారంగ్ వచ్చినప్పుడు అనుమతించినంత ముందుకు వెళ్లండి. దూరం పెరిగేకొద్దీ దాని విద్య కంటికి అందదు. సూర్యకిరణ్‌కు వెనక్కి జరిగి, ఎండ వీపున పడేలా నిలబడండి. మొదటి లూప్‌లో తొమ్మిదింటినీ కలిపి చూడండి. రెండోసారి తిరిగొచ్చినప్పుడు బయటి చివరి విమానం ఒక్కదాని మీదే చూపు నిలిపి, మలుపు పూర్తయ్యేదాకా వదలకండి. నాయకుడు ఎంత మిగిల్చాడో, మిగతావాళ్లు ఎంత సర్దుకుంటున్నారో అదొక్కటే చెప్పేస్తుంది.