ఇరుసును తట్టి చూసే విద్య

చిత్తూరు నుంచి బెంగళూరు పోయే పాత రోడ్డులో మొగిలి కనుమ దగ్గర కాసేపు నిలబడి చూడండి. చిత్తూరు కంటే పలమనేరు వేయి అడుగులకు పైగా ఎత్తున ఉంది. ఆ ఎత్తులో పెద్ద భాగం ఈ కనుమలోనే ఎక్కాలి. నిండు లోడుతో లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే బరువు వెనక్కి ఒరుగుతుంది. ఇంజను బలమంతా వెనక ఇరుసు గుండానే చక్రాలకు చేరాలి. ఇంజను చప్పుడు ఊరంతా వింటుంది. ఇరుసు సంగతి అది విరిగిన రోజే తెలుస్తుంది.

సైన్యాలకూ ఈ కనుమ ఎక్కిన అనుభవం ఉంది. 1791 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ మైసూరు టిప్పు సుల్తాను మీదికి పోతూ, ఆంబూరు దోవన వెళ్తున్నట్టు నమ్మించి, మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగా బెంగళూరు దారి పట్టాడు. ఫిరంగులను లాగే భారం ఎక్కువగా ఎద్దులదే. మార్చి 21న బెంగళూరు కోట పడింది. మే నెలకు అదే సైన్యం శ్రీరంగపట్నం దగ్గర చిక్కుకుంది. వానలు, మేత కరువు కలిసి ఎద్దులను పొట్టన పెట్టుకున్నాయి. కదల్చడానికి దిక్కులేని పెద్ద ఫిరంగులను సైన్యం తన చేతులతోనే పగలగొట్టుకుని వెనుదిరిగింది. లాగే బలానికీ మోసే బరువుకూ పొత్తు కుదరకపోతే ఎంతటి దండైనా దారిలోనే ఆగుతుంది.

ఈ దోవ పక్కన బతికిన వడ్రంగులకు, కమ్మరులకు, ఇప్పటి వెల్డింగ్ అంగళ్లవాళ్లకు తరతరాలుగా ఒకటే చిక్కు. మోయాల్సిన బరువు ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ. ఆ రెంటి నడుమ సరైన ఇరుసును ఎంచడమే వాళ్ల విద్య.

మాను ఎంపిక

చిత్తూరు జిల్లా అడవుల్లో చిరుమాను అనే చెట్టు ఉంది. దాన్నే తిరుమాను అని కూడా అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అనోజీసస్ లాటిఫోలియా. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఏకంగా ‘ఇరుసు మాను’ అన్నారు. గట్టిదనంతో పాటు కొంచెం సాగే గుణం ఉన్న కొయ్య కాబట్టి కుదుపు తగిలితే పుటుక్కున విరగదు. గొడ్డలి పిడికీ బండి ఇరుసుకూ అదే పనికొచ్చింది. చక్రం నడిమి దిమ్మెకు, ఆకులకు, చుట్టూ వచ్చే పూటీలకు నల్లతుమ్మ వాడేవాళ్లు. నరికిన మానును వెంటనే పనిలోకి దించరు. పచ్చి కొయ్య ఆరేకొద్దీ ముడుచుకుని బిగువు వదులుతుంది. అందుకే నీళ్లలో నానబెట్టి, నీడన ఆరనిచ్చి, ఆ తర్వాతే ఉలి పెడతారు.

ఇరుసు మందం తేల్చడంలోనే అసలు కిటుకు. లావుగా ఉంటే బలం, సన్నగా ఉంటే పరుగు. చక్రం ఎంత పెద్దదై ఇరుసు ఎంత సన్ననిదైతే, రాపిడి అంత తక్కువగా ఎద్దుల మీద పడుతుంది. అయిదడుగుల చక్రానికి నాలుగంగుళాల కొయ్య ఇరుసు ఉంటే ఆ నిష్పత్తి పదిహేను. రెండంగుళాల ఇనుప ఇరుసు వేస్తే ముప్పై. అంటే చక్రం తిరగడంలో వచ్చే రాపిడి భారం దాదాపు సగానికి దిగుతుంది. ఇనుప ఇరుసు వచ్చాక రైతు దానికి అంత ఖర్చు ఎందుకు పెట్టాడో ఈ లెక్క చెబుతుంది. లెక్క రాయడం రాని ఎద్దులకు కూడా ఆ తేడా మెడ మీద తెలిసేది.

ఏ ఎద్దులకు ఏ బండి అన్నదీ ఈ లెక్కలో భాగమే. పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుతున్న పుంగనూరు జాతి మూడడుగుల ఎత్తు పొట్టి పశువు. మెట్ట చేలల్లో తేలిక సేద్యానికి దానికి సాటి లేదు, కానీ బరువు బండికి దాన్ని కట్టరు. ఆ పనికి మైసూరు సీమ హళ్లికార్ జత కావాలి. ఇరుసును కూడా ఆ జత లాగగలిగిన బరువుకే ఎంచుతారు. చిన్న ఎద్దులకు పెద్ద ఇరుసు వేస్తే దండగ. పెద్ద ఎద్దులకు చిన్న ఇరుసు వేస్తే ప్రమాదం.

కందెన, కడశీల

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన సామెత. సుమతీ శతకకారుడైతే కరణాన్ని మంచి చేసుకోవాలని చెప్పడానికి కూడా ఇరుసు కందెననే పోలికగా తెచ్చుకున్నాడు. ఆ కందెన ఇంట్లో తయారయ్యేదే. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చిక్కగా చేసి, గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాళ్లు. ఆముదం చిక్కన, వేడికి తొందరగా జారిపోదు. మసి దాన్ని పట్టి ఉంచుతుంది.

ఇరుసు కొసన చక్రం జారిపోకుండా గుచ్చే మేకు కడశీల. బండి మొత్తంలో చవకైనది అదే. అది ఊడితే మాత్రం వేలు పోసి చేయించిన చక్రం పొలం గట్టు దాటి దొర్లిపోతుంది. బండి కట్టే ముందు చక్రం దగ్గర వంగి కడశీలను వేలితో తాకి చూడటం మంచి బండివాడి లక్షణం.

నిప్పుల్లో తొడిగిన పట్టా

చక్రానికి ఇనుప పట్టా తొడగడం వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పని. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా అతుకుతారు. నేల మీద పరిచి చుట్టూ పిడకలు పేర్చి ఎర్రబడేదాకా కాలుస్తారు. అయిదడుగుల చక్రానికి చుట్టుకొలత పదిహేను అడుగులకు పైమాట. ఆ పొడవు ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే అంగుళానికి కాస్త పైగా సాగుతుంది. ఆ అంగుళమే వాళ్ల ఆస్తి. సాగిన పట్టాను పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, కొయ్య అంటుకోకముందే నీళ్లు కుమ్మరిస్తారు. ముడుచుకునే ఇనుము పూటీలను ఆకుల్లోకి, ఆకులను దిమ్మెలోకి నొక్కేస్తుంది. మేకు, జిగురు లేకుండా కొయ్య ముక్కలన్నీ ఒక్కటైపోతాయి.

టైరు బండి నుంచి ట్రాలీ దాకా

ఇనుప పట్టా తారు రోడ్డును కోసేది. రబ్బరు టైరు, బేరింగు ఉన్న బండి రావడంతో అదే జత ఎద్దులు ఎక్కువ బరువు లాగాయి. జనం దాన్ని టైరు బండి అన్నారు, డన్‌లప్ బండి అనీ అన్నారు. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి అంతటివాడు ఎద్దుల బండిని మెరుగుపరచడం మీద ఏళ్ల తరబడి పనిచేసి, కార్ట్‌మన్ అనే సంస్థనే పెట్టాడు. మేనేజ్‌మెంట్ చదువులకు పెద్దగా పేరుపడ్డవాడికి ఇరుసు చిన్న విషయంగా కనిపించలేదు.

తర్వాత ట్రాక్టరు వచ్చింది, దాని వెనక ట్రాలీ వచ్చింది. కొత్త ఇరుసు కొనలేని చోట పాత లారీ వెనక ఇరుసు అక్కరకొచ్చింది. దానికి ఒక కారణం ఉంది. లారీ ఇరుసులో బరువు మోసేది పైనున్న హౌసింగ్. లోపలి షాఫ్టు పని చక్రాన్ని తిప్పడం మాత్రమే. మెకానిక్కులు దీన్ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. బోల్టులు విప్పి షాఫ్టును బయటికి లాగేసినా బండి తన చక్రాల మీదే నిలబడి ఉంటుంది. ట్రాలీకి తిప్పే పని లేదు, మోసే పని ఒక్కటే. కాబట్టి లారీగా చచ్చిన ఇరుసు ట్రాలీగా మళ్లీ పుడుతుంది. లారీ కింద పది టన్నులు మోసిన దానికి చెరుకు, టమోటా పెద్ద బరువేమీ కాదు.

అమెరికా కుర్రాళ్ల పాత ఇనుము

ఇదే విద్య సముద్రం అవతలా కనిపిస్తుంది. 1960లలో అమెరికన్ కంపెనీలు మామూలు కార్లలో పెద్ద ఇంజన్లు దించి అమ్మాయి. వాటినే మజిల్ కార్లు అంటారు. 1964 పాంటియాక్ జీటీవోతో ఆ మోజు ఊపందుకుంది. 1970 షెవ్రొలె షెవెల్‌లో 450 గుర్రాల ఇంజను దాకా వెళ్లింది. ఇప్పుడు పాత కారు కొని సొంతంగా ఇంజను బలం పెంచుకునేవాళ్లకు ముందుగా పగిలేది వెనక ఇరుసే.

ఎందుకో లెక్క చూద్దాం. ఇంజను 540 న్యూటన్ మీటర్ల మెలి బలం ఇస్తుందనుకోండి. మొదటి గేరు దాన్ని 2.66 రెట్లు చేస్తుంది. వెనక ఇరుసులోని క్రౌను, పినియను అనే పళ్ల చక్రాలు మళ్లీ 3.73 రెట్లు చేస్తాయి. ఇరుసు దగ్గరికి చేరేసరికి అది 5,300 దాటుతుంది. టైరు జారితే ఇరుసు బతికిపోతుంది. పట్టు బాగా దొరికిందంటే ఆ మెలి అంతా షాఫ్టు మీదే పడుతుంది. పైగా చాలా కార్లలో షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, బరువూ మోయాలి.

డబ్బున్నవాళ్లు 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ చేసిన, తొమ్మిదంగుళాల పళ్ల చక్రం ఉన్న ఇరుసు కోసం పోతారు. అందులో పినియను కొసను కూడా ఒక బేరింగు పట్టి ఉంచుతుంది, అందుకే బలం. అంత పెట్టలేనివాళ్లు పాత సామాన్ల యార్డుకు పోయి 1995–2001 నడుమ వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఇరుసును వెతుకుతారు. పళ్ల చక్రం 8.8 అంగుళాలు, డిస్కు బ్రేకులు దాంతోనే వస్తాయి, షాఫ్టు కొసన 31 గాళ్లు. అదే కంపెనీ పాత మస్టాంగ్ షాఫ్టులకు ఉండేవి 28. గాళ్లు మూడు పెరిగినా షాఫ్టు లావులో తేడా పదో వంతు మాత్రమే. కానీ మెలిని తట్టే బలం లావు ఘనంతో పెరుగుతుంది కాబట్టి, పదో వంతు లావుకు మూడో వంతు బలం దక్కుతుంది. ఎక్స్‌ప్లోరర్ ఇరుసు నడిమి గుండు ఒక పక్కకు జరిగి ఉంటుంది. పొడుగు గొట్టాన్ని సుమారు మూడంగుళాలు కోసి, రెండు వైపులా పొట్టి షాఫ్టే వేసి సరిచేసుకుంటారు.

దాని లోపం కూడా మన బండివాడు ఇట్టే పసిగట్టగలడు. ఆ షాఫ్టును లోపల పట్టి ఉంచేది చిన్న సి ఆకారపు క్లిప్పు. షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. పేరు మారింది గానీ అదీ కడశీల కథే.

తట్టి, తిప్పి, తుడిచి

పలమనేరు మట్టి పనికి పేరున్న ఊరు. ఇక్కడ కుండను వేలి కణుపుతో తట్టకుండా ఎవరూ కొనరు. గంట మాదిరి మోగితే మంచిది, పగిలిన చట్టి మాదిరి మొద్దుగా పలికితే పక్కన పెట్టేయడమే. ఇనుప ఇరుసుకూ అదే పరీక్ష. షాఫ్టును వేలాడదీసి సుత్తితో మెల్లగా తట్టండి, పగులుంటే నాదం తెగుతుంది. తర్వాత ఇరుసును దిమ్మెల మీద పెట్టి హబ్బు తిప్పండి. అంచు దగ్గర ఒక పుల్ల నిలబెడితే వంపు ఉన్నదీ లేనిదీ దాని కొసన తెలుస్తుంది. బేరింగు కూర్చునే చోట వేలితో రాసి చూడండి, అక్కడ గాడి పడితే కొత్త బేరింగు కూడా నిలవదు. చివరగా నూనె ప్లగ్గు విప్పి వేలికి అంటిన నూనెను గుడ్డకు తుడవండి. సన్నని మెరుపు అరుగుదలకు గుర్తు, ముక్కలు వస్తే పళ్లు పోయినట్టే. పాత వెల్డింగ్ మీద కొత్త రంగు పూసి ఉంటే బేరం ఆపేయండి.

బలం పెంచుకునే సరదా ఉన్న మన కుర్రాళ్లకు మరో మాట. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద తిప్పడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మార్పు ఏదైనా ముందు రవాణా కార్యాలయంలో అడగాల్సిందే.

వడ్రంగికైనా, ట్రాలీ కట్టే వెల్డరుకైనా, అమెరికా కుర్రాడికైనా చవక ఇరుసు అంటే అర్థం ఒకటే. తన పని కంటే పెద్ద పని అప్పటికే చేసి, చెడకుండా మిగిలింది. దాని ధర తక్కువ, దాని యోగ్యత ఎక్కువ. ఆ యోగ్యతను కనిపెట్టే చెవి, వేలు ఉన్నవాళ్లకే ఆ చవక దక్కుతుంది. లేనివాళ్లు అదే ఇరుసును రెండుసార్లు కొంటారు. ఈసారి పాత ట్రాలీయో, పాత కారో చూడటానికి పోతే బానెట్ ఎత్తమని అడగడానికి ముందు ఒక గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరి చూడండి.