నేరం వాల్వుది కాకపోవచ్చు

గాయని పల్లవి ముగించి ఊపిరి తీసుకునే ఆ చిన్న ఖాళీలో బుస వినపడిందంటే, వాల్వు మైకు ఉన్న స్టూడియోలో మొదట వచ్చే మాట "ట్యూబు పోయినట్టుంది" అని. వాల్వన్నా ట్యూబన్నా ఒకటే. ట్యూబు మార్చడం తేలిక. పాతది లాగి కొత్తది గుచ్చితే సరి. అందుకే అనుమానం ముందు దాని మీదికే పోతుంది. పని తెలిసిన మెకానిక్కు మాత్రం దాని జోలికి చివర్లో వెళ్తాడు. అతని ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావాలంటే, అంతకు ముందు ఆ గాజుబుడ్డిని చేసినవాళ్ల ఓపిక చూడాలి.

న్యూమన్ కంపెనీ 1960లో తెచ్చిన యూ67 మైకునే తీసుకుందాం. దాని వెనక ఒక ఇబ్బంది ఉంది. 1949 నుంచి ఆ కంపెనీకి పేరు తెచ్చిన యూ47లో టెలీఫుంకెన్ వారి వీఎఫ్14 అనే ఉక్కు తొడుగు ట్యూబు ఉండేది. 55 ఓల్టుల హీటరుకు అందులో కావాలనే తక్కువ, సుమారు 36 ఓల్టులు ఇచ్చేవారు. తక్కువ వేడిలో ఆ ట్యూబు నెమ్మదిగా, నిశ్శబ్దంగా పనిచేసేది. హీటరుకూ, ప్లేటుకూ కలిపి 105 ఓల్టుల సరఫరా ఒక్కటే. మిగిలిన ఓల్టులను లోపలున్న ఒక పెద్ద రెసిస్టరు వేడిగా మార్చేది. ఆ వేడి మైకు ఒళ్లంతా వెచ్చగా ఉంచి తేమను దూరం పెట్టేది కూడా. ఇంత పొదుపైన డిజైను నేను మరొకటి చూడలేదు. అయితే 1950ల చివర్లో వీఎఫ్14 తయారీ ఆగిపోయింది. ట్యూబు లేని మైకును ఎన్నాళ్లు అమ్ముతారు? దాంతో బజారులో దండిగా దొరికే ఈఎఫ్86 చుట్టూ కొత్త మైకు కట్టారు.

ఈఎఫ్86 ఫిలిప్స్, మల్లార్డ్, టెలీఫుంకెన్ లాంటి కంపెనీలన్నీ చేసిన ట్యూబు. చిటికెన వేలంత ఉంటుంది. దాన్ని బోర్లించి పట్టుకుని అడుగు చూడండి. గుండ్రంగా తొమ్మిది పిన్నులు, పదోది ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెడితే తొమ్మిదోది గ్రిడ్డు. మైకు క్యాప్సూలు నుంచి వచ్చే అతి చిన్న సంకేతం దిగేది అక్కడే. హీటరుకు కరెంటు వచ్చేది నాలుగు, ఐదు పిన్నుల్లో. తొమ్మిదికి సరిగ్గా ఎదురుగా ఉండేది నాలుగు, దాని పక్కనే ఐదు. అంటే గోల చేసేదాన్నీ, గోల పడనిదాన్నీ ఆ వృత్తంలో సాధ్యమైనంత దూరంలో పెట్టారు. అంతటితో ఊరుకోలేదు. అటు నుంచి వెళ్లినా ఇటు నుంచి వెళ్లినా దారిలో రెండో పిన్నూ, ఏడో పిన్నూ అడ్డం వస్తాయి. రెండూ లోపలి షీల్డుకు కలిపినవి. గాజులోంచి చూస్తే ఆ షీల్డు కూడా కనిపిస్తుంది, ఎలక్ట్రోడ్ల చుట్టూ సన్నని లోహపు జల్లెడలా. ఇక హీటరు తీగను జంటగా మెలిపెట్టి చుట్టారు. వెళ్లే కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని తిరిగొచ్చే కరెంటు చాలావరకు చెరిపేస్తుంది.

ఫలితం ఎంత అంటే, 25 నుంచి 10,000 హెర్ట్జ్ వరకు లెక్కవేసి చూసినా గ్రిడ్డు దగ్గర ఈ ట్యూబు సొంత రొద ఓల్టులో పది లక్షలవ వంతులు రెండు. తయారీదారు ఇచ్చిన లెక్క అది. కర్మాగారం నుంచి వచ్చే ప్రతి ట్యూబూ ఆ లెక్కకు తూగదు కాబట్టి మైకుల కంపెనీలు ఏరుకుని తీసుకునేవి. న్యూమన్ మళ్లీ 2018లో యూ67ను విడుదల చేసినప్పుడు కూడా అందులో పెట్టింది ఈఎఫ్86నే.

ట్యూబు ఇంత జాగ్రత్తగా చేసిందైతే మరి రొద ఎక్కడిది? దానికి క్యాప్సూలు సంగతి తెలియాలి. బంగారం పూసిన పలుచని ప్లాస్టిక్ పొర, దాని వెనక చిల్లుల ఇత్తడి పలక. రెండూ కలిసి ఒక చిన్న కెపాసిటరు, విలువ కొన్ని పదుల పికోఫారడ్లు. అంత చిన్న కెపాసిటరు నుంచి మంద్రస్థాయి స్వరాలు పోకుండా తీసుకోవాలంటే గ్రిడ్డు దగ్గర కోట్ల ఓంల రెసిస్టరు కావాలి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. రెసిస్టరు పెద్దదయ్యే కొద్దీ దాని సొంత రొద పెరుగుతుంది కదా అనిపిస్తుంది. నిజమే, కానీ క్యాప్సూలు కెపాసిటెన్సు ఆ రొదను కిందికి, చెవికి అందని మంద్రంలోకి తోసేస్తుంది. అందువల్ల రెసిస్టరు ఎంత పెద్దదైతే వినపడే బుస అంత తక్కువ.

దీనికి చెల్లించే మూల్యం మాత్రం చాలా ఉంది. పది కోట్ల ఓంల రెసిస్టరు అనుకోండి. ఒక్క నానో ఆంపియరు దారి తప్పి అందులోంచి పారినా 0.1 ఓల్టు తేడా వస్తుంది. వేలిముద్రలోని ఉప్పు, సోల్డరు పెట్టాక మిగిలిన ఫ్లక్సు మరక, గాయకుల ఊపిరి తేమ, వీటిలో ఏ ఒక్కటైనా ఆ పని చేయగలదు. విశాఖలోనో చెన్నైలోనో వానాకాలంలో మైకు చిటపటలాడి, వేసవి రాగానే తనంతట తానే బాగైపోయిందని చెప్పుకుంటారే, ఆ వింత ఇదే. ట్యూబుకు అందులో పాత్ర లేదు.

అందుకే మెకానిక్కు మొదటి పనిముట్టు స్క్రూడ్రైవరు కాదు, హెడ్‌ఫోను. మైకు ఆన్ చేసి, గది తలుపు మూసి, రొద ఏ జాతిదో వింటాడు. ఎడతెగని సన్నని బుస అయితే ట్యూబును అనుమానించవచ్చు. ఎలక్ట్రాన్లు ప్లేటును తాకడంలోని అస్తవ్యస్తతే ఆ బుస, వయసు మీదపడిన క్యాథోడు దాన్ని పెంచుతుంది. చిటపటలు, ఉండుండి టప్పుమనడాలు అయితే తేమ, మురికి, లీకైన కెపాసిటరు, వదులైన సాకెట్టు. హమ్ అయితే రెండు రకాలు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, హమ్ కూడా అంతే లోతుగా ఉంటే ఎర్త్ కనెక్షనో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరో, కేబులు షీల్డో. దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర కాస్త గరుకుగా ఉంటే పవర్ సప్లై పెట్టెలోని ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయాయన్న మాట. చెవికి ఈ రెంటికీ తేడా ఒక స్థాయి. సంగీతం తెలిసినవాడికి మీటరు అక్కర్లేదు.

తర్వాత వచ్చే పరీక్షల్లో నాకు అన్నింటికన్నా నచ్చేది చాలా చవకైనది. యూ67 క్యాప్సూలులో ముందు ఒక పొర, వెనక ఒక పొర ఉంటాయి, మైకుకు మూడు పిక్‌అప్ పద్ధతులు ఉంటాయి. ముఖ్యంగా ముందువైపు వినే కార్డియాయిడ్‌లో వెనక పొరకు ధ్రువీకరణ ఓల్టేజీ ఉండదు. చిటపట కార్డియాయిడ్‌లో లేకుండా, అన్ని వైపులా వినే పద్ధతిలోకి స్విచ్చి తిప్పగానే మొదలైతే? దొంగ వెనక పొర దగ్గరున్నాడు. పైసా ఖర్చు లేకుండా, మైకు విప్పకుండా సగం కేసు తేలింది. అలా తేలకపోతే క్యాప్సూలు తీగ విడదీసి, దాని స్థానంలో అంతే విలువ ఉన్న మంచి పాలిస్టైరీన్ కెపాసిటరు పెడతారు. రొద పోతే క్యాప్సూలుది, ఉంటే మిగతా సర్క్యూటుది. వేరే కేబులు, వేరే పవర్ సప్లై దొరికితే అవి కూడా మార్చి చూస్తారు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలన్నది ఇక్కడి శాస్త్రం. రెండు కలిపి మార్చి రొద పోగొట్టినవాడికి మైకు బాగైందని తెలుసు, ఏది పాడైందో తెలియదు.

ఇన్ని దాటి ట్యూబే అని తేలాక కూడా చేయి నేరుగా దాని మీద పడదు. లోపల 200 ఓల్టుల పైచిలుకు ఉంటుంది. ప్లగ్గు పీకి, కెపాసిటర్లలో నిలవ ఉన్న కరెంటు ఖాళీ అయ్యేదాకా ఆగి, మీటరు పెట్టి చూసుకోవాలి. ట్యూబును ఊపి ఊపి పీకకూడదు, నిటారుగా లాగాలి. ఊపితే గాజు అడుగున పిన్ను చుట్టూ వెంట్రుకవాసి పగులు వస్తుంది, గాలి దూరుతుంది. అలా గాలి దూరిన ట్యూబును చూడగానే పట్టేయవచ్చు. గాజు పైభాగాన ఉండే వెండిరంగు పూత పాలలా తెల్లబడుతుంది. మిగిలిన గాలిని పీల్చుకోవడానికి పెట్టిన బేరియం పూత అది, తన పని తాను చేసి చచ్చిందన్న మాట.

పాత ట్యూబునే నిటారుగా ఒకటి రెండు సార్లు తీసి పెడితే కొన్నిసార్లు రొద ఆగిపోతుంది. పిన్నుల మీద పేరుకున్న తుప్పు చెరిగి, స్పర్శ కుదురుతుంది. వేలకు వేలు పోసి కొన్న కొత్త ట్యూబు "అద్భుతంగా" ఉందని మురిసిపోయేవాళ్లలో ఎంతమంది ఈ తీసిపెట్టడానికి డబ్బు కట్టారో అని నాకు ఎప్పుడూ అనుమానమే.

కొత్తది పెట్టేటప్పుడు పిన్నులు, అడుగు గాజు వేళ్లకు తగలకూడదు. తగిలితే శుద్ధ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. పెట్టాక హీటరు ఓల్టేజీ మైకు వైపు కొలవాలి, పవర్ సప్లై వైపు కాదు. ఈఎఫ్86 హీటరు 6.3 ఓల్టుల దగ్గర 200 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. పోనూ రానూ కలిపి కేబులులో రెండు ఓంలు ఉంటే దారిలోనే 0.4 ఓల్టు పోయింది. పొడవాటి కేబులు మార్చిన స్టూడియోలో మైకు "మందగించింది" అంటే ఈ లెక్క ముందు వేసుకోవాలి. ఆ తర్వాత పెన్సిలు వెనక రబ్బరుతో గాజును మెల్లగా తడతారు. గంటలా మోగితే లోపలి గ్రిడ్డు తీగలు వదులుగా ఉన్నట్టు, ఆ ట్యూబు మైకుకు పనికిరాదు. బుసను మాత్రం వెంటనే తీర్పు చెప్పకూడదు. కొత్త ట్యూబు మొదటి గంటల్లో పొగరుగానే ఉంటుంది. ఒకరోజంతా వెలగనిచ్చి వింటే అసలు స్వభావం తెలుస్తుంది.

బజారులో చవకగా దొరికే వాల్వు మైకుల్లో కథ వేరు. వాటిలో 12ఏటీ7, 12ఏఎక్స్7, 6922 లాంటివి ఉంటాయి. అన్నీ తొమ్మిది పిన్నులవే, ఏ సాకెట్టులోనైనా దూరతాయి. అసలు ప్రమాదం అదే. 12ఏఎక్స్7 నాలుగు, ఐదు పిన్నుల మధ్య 12.6 ఓల్టులు కోరుతుంది. 6922 అదే పిన్నుల మధ్య 6.3 చాలంటుంది, దాని తొమ్మిదో పిన్ను షీల్డు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఏదీ సరిగా వేడెక్కదు. 12ఏటీ7 స్థానంలో 12ఏవై7 పెట్టడం మాత్రం చాలామంది చేసే మంచి మార్పిడి. పిన్నులు కలుస్తాయి, మొదటిదాని లాభం 60 దగ్గర, రెండోదానిది 40 పైన. రొద తక్కువ అని దీనికి పేరు. దీన్నే ఇంకా ఏరి చేసిన 6072 రకం, ఏకేజీ వారి సీ12 మైకులో ఉంటుంది. ట్యూబు మీది కంపెనీ ముద్ర మారితే స్వరంలో పట్టు మారుతుందనే మాటలు మాత్రం నేను సగానికి కోసి నమ్ముతాను. యూ67లో ట్రాన్స్‌ఫార్మరు అదనపు చుట్టు నుంచి సంకేతం కొంత వెనక్కి వచ్చి స్వరాన్ని అదుపులో పెడుతుంది. అంత అదుపు ఉన్నచోట ట్యూబుకు తన రంగు చూపించే చోటు తక్కువ. అక్కడ తేడా కనిపించేది రొదలో, మోగడంలో.

తీసేసిన ఈఎఫ్86ను మెకానిక్కు పారేయడు. బుస కాస్త ఎక్కువైందే అయితే కాగితం మీద తేదీ, తప్పు రాసి, చుట్టి దాచిపెడతాడు. పాత వాక్స్ ఏసీ15 లాంటి గిటారు యాంప్లిఫయరుకు కూడా ఇదే ట్యూబు. అక్కడ గిటారు ఇచ్చే సంకేతం మైకు క్యాప్సూలు ఇచ్చేదానికన్నా చాలా పెద్దది, ఈ బుస అందులో కలిసిపోతుంది. తట్టితే మోగే రకాన్ని మాత్రం అక్కడ కూడా పెట్టరు. స్పీకరు అదురుకు అది ఇంకా గట్టిగా కూస్తుంది.