చెయ్యి ఇచ్చాక

‘ఎవరి చెయ్యి పైకి లేవలేదో వాళ్ల గుండె ఇంకా ప్రభువుకు తెరుచుకోలేదు!’ పోయిన ఆదివారం ఆరాధనలో పాటలు నడిపిస్తున్న తమ్ముడు మైకులో అన్న మాట ఇది. నా ముందు వరసలో ఒక పెద్దావిడ ఉంది. ఆమెకు భుజం పట్టేసి చాలాకాలమైందని సంఘంలో అందరికీ తెలుసు. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని పైకి నెట్టుకుంది. చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఒకసారి చుట్టూ చూసి, దించేసుకుని, కొంగు కప్పుకుంది. పాట అయ్యేదాకా మళ్లీ తలెత్తలేదు. ఈ వారమంతా నన్ను వదలని కోపం అదే.

నా పట్టుదలలు ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మూలపడకూడదంటాను. ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చువేసిన పుస్తకం అది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి లాంటివారి కీర్తనల్లో చరణం చరణానికీ భావం ముందుకు సాగుతుంది. పాడేవారి బుద్ధి దాని వెంట నడవక తప్పదు. పాడేటప్పుడు ఆత్మ ఒక్కటే చాలదు, మనసు కూడా పాలుపంచుకోవాలని కొరింథీ సంఘానికి పౌలు చెప్పింది నేను గట్టిగా పట్టుకున్న మాట. పాపపు ఒప్పుకోలు తర్వాత కీబోర్డు ఆపి, ఒక్క నిమిషమైనా మౌనంగా ఉండనివ్వమని కూడా ఎన్నోసార్లు రాశాను.

కాబట్టి ఈ వారం ఏం రాయాలో ముందే తేలిపోయిందనుకున్నాను. భక్తి లోపలిది, చేతులకూ చప్పట్లకూ మైకులో హుకుం ఇస్తే అది నటన అవుతుంది. పెదవులతో దగ్గరై హృదయంతో దూరమైన జనాన్ని యెషయా మందలించాడు. యేసు ఆ మాటనే తన కాలపు పెద్దల ముందు పెట్టాడు. లోపల లేనిది పైకి చేయకూడదన్నమాట. ఇంతవరకూ రాశాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇక కలం ఆ దారిన సాగలేదు.

అమ్మమ్మ వాళ్లది కృష్ణా జిల్లాలో ఓ పల్లె. పెంకుల గుడి, మట్టిగోడలకు సున్నం, ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు చాపల మీద. నెల మొదటి ఆదివారం అయ్యగారు వచ్చి సంస్కారం ఇచ్చేవారు. ఆ ఆరాధనలో సమాధానం ఇచ్చుకునే ఘట్టం ఒకటి ఉంటుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, 1950లో సిద్ధం చేసుకున్న ప్రభు సంస్కార క్రమంలోకి దీన్ని కేరళ సురియాని సంఘాల ఆరాధన నుంచి తెచ్చుకుంది. ఇచ్చేవారి కుడి అరచెయ్యి పుచ్చుకునేవారి కుడి అరచేతిని ఆనుతుంది. ఇద్దరి ఎడమచేతులూ వాటి మీద మూసుకుంటాయి. బల్ల దగ్గర గురువు నుంచి మొదలై, ఆ సమాధానం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి సంఘమంతా సాగుతుంది.

ఒక ఏడాది అమ్మమ్మకూ ఆమె తోడికోడలు చిన్నమ్మమ్మకూ మాటల్లేవు. ఉమ్మడి దొడ్డిలో గడ్డివాము ఎవరివైపు వెయ్యాలన్న తగాదా. ఒకే నూతి దగ్గర నీళ్లు తోడుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. ఒక సంస్కారపు ఆదివారం గుడి నిండిపోయి, ఆలస్యంగా వచ్చిన చిన్నమ్మమ్మకు అమ్మమ్మ పక్కనే చోటు మిగిలింది. సమాధానం వరస వెంట వస్తోంది. చిన్నమ్మమ్మ దాకా వచ్చింది. ఆమె పక్కకు తిరిగి రెండు చేతులూ చాపింది. అమ్మమ్మ గోడకేసి చూస్తోంది. చూపు గోడ మీద నుంచి తియ్యకుండానే చెయ్యి ఇచ్చింది. పిడకలు చరిచి చరిచి మొరటుదేలిన చెయ్యి. చిన్నమ్మమ్మ మట్టిగాజులు దానికి తగిలి గలగలమన్నాయి. నేను అంత దగ్గర నుంచి చూశాను.

ఇంటికొచ్చే దారిలో అడిగాను, “అమ్మమ్మా, నీకు కోపం పోయిందా?” అని.

“ఎక్కడ పోయిందిరా! కానీ దేవుడి ముందు చెయ్యి ఇచ్చేశానుగా. ఇంక పోవాల్సిందే.”

గడ్డివాము ఉన్నచోటే ఉంది. కానీ ఆ వారంలోనే చిన్నమ్మమ్మ మజ్జిగ కోసం గిన్నె ఇచ్చి పిల్లాణ్ణి పంపింది. అమ్మమ్మ గిన్నె నింపి పంపింది.

లోపల లేనిది పైకి చేస్తే నటనే అన్న నా సూత్రం ప్రకారం ఆ ఆదివారం అమ్మమ్మ చేసింది నటనే. కాదని నాకు తెలుసు. ఆమె లేని ప్రేమను ఉన్నట్టు చూపించలేదు. చేతితో మాట ఇచ్చింది, ఆ మాటకు మనసును లొంగదీసుకుంది. 1662 నాటి ఇంగ్లండు ప్రార్థనా క్రమం కూడా ఇలాగే ఆలోచించింది. సంస్కారానికి రావాలనుకునేవారు కనీసం ముందురోజైనా గురువుకు తమ పేరు తెలపాలి. ఇద్దరి మధ్య పగ ఉందని తెలిస్తే, సమాధానపడేదాకా గురువు వాళ్లను బల్ల దగ్గరికి రానివ్వకూడదు. ఒకరు క్షమించడానికి సిద్ధపడి ఇంకొకరు మొండికేస్తే, సిద్ధపడినవారినే రానివ్వాలి. గుండెలో ఎంత పొంగుతోందని ఆ క్రమం అడగదు, ఏం చెయ్యడానికి సిద్ధంగా ఉన్నావని అడుగుతుంది.

అందుకే చేతులెత్తమని చెప్పడం మీద నాకిప్పుడు అభ్యంతరం లేదు. మనసు కదలని రోజున చెయ్యి ఎత్తి, ‘ప్రభువా, ఇది నీదే, మనసును కూడా తెచ్చుకో’ అనడం నిజమైన ప్రార్థనే. ఒప్పుకోలు చదువుతుంటే ఆలోచన వంటింటికో పొలానికో పోయినంత మాత్రాన అది కపటమైపోదు. చేతిని చూసి గుండెకు తీర్పు చెప్పడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఆ పెద్దావిడ ఎత్తలేకపోయిన చేతి వెనక ఎంత ప్రార్థన ఉందో మైకు పట్టుకున్నవారికి తెలిసే దారి లేదు.

సంఘాలను నేను కోరేది ఒక్కటే. సమాధానం ఇచ్చుకునే ఘట్టాన్ని పక్కనున్న స్నేహితులకు నవ్వుతూ దండం పెట్టడంతో ముగించకండి. ఎవరి ముఖం చూడకుండా తప్పుకుంటున్నారో వారి దగ్గరికి లేచి వెళ్లండి. కోపం పూర్తిగా చల్లారాక వెళదామనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఉన్న కోపంతోనే వెళ్లి చెయ్యి ఇవ్వండి, ఇచ్చాక ఆ చేతి మాట నిలబెట్టండి. ఆరాధనలో నిజాయితీ అంటే నాకు తెలిసింది ఇదే.