అన్నం తీసేసిన పళ్లెంలో

2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన, అన్నం మాని కొవ్వులు పెంచే ఆహార విధానం రెండు తెలుగు రాష్ట్రాల్లో మారుమోగింది. తిరుపతి, చిత్తూరు ఇళ్లలోనూ అన్నం మానడం గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటల్లో కొబ్బరినూనె, నెయ్యి, నిమ్మకాయలకు దక్కిన చోటు కూరగాయలకు దక్కలేదు.

అన్నం తీసేస్తే పళ్లెంలో పెద్ద ఖాళీ. దాన్ని నింపాల్సింది కూరగాయలే. అవి లేకపోతే పీచు చాలక మలబద్ధకం పట్టుకుంటుంది, పొటాషియం, ఫోలేట్ తగ్గుతాయి. నూనె కూడా కావాలి, ఆకుకూరలోని కెరొటిన్ ఒంటికి పట్టేది దానితోనే.

అయితే కూరగాయల బండి మీద ఉన్నవన్నీ ఒకటి కాదు. వంద గ్రాముల సొరకాయ, టమాటా, కాకరకాయల్లో పిండిపదార్థాలు సుమారు నాలుగు గ్రాములు. ఉర్లగడ్డలో 17, గెనుసుగడ్డలో 20. వండిన అన్నంలో 28.

చిత్తూరు వైపు మరో పొరపాటు జరుగుతుంటుంది. అన్నం బదులు రాగిసంగటి తింటే పిండిపదార్థాలు తగ్గిపోతాయనుకుంటారు. వంద గ్రాముల వండని రాగిపిండిలో అవి 65 గ్రాములకు పైనే, సంగట్లో బియ్యమూ పడుతుంది. కాల్షియం, పీచు దండిగా ఉన్న మంచి తిండే. కానీ ముద్ద సగమై, పక్కన ఆకుకూర రెట్టింపైతేనే లెక్క కుదురుతుంది.

అసలు పనితనం పొయ్యి దగ్గరుంది. సీమ కూరల్లో ఉప్పు, కారం, పులుపు ముద్ద అన్నంలో కలిసేందుకు సరిపెట్టినవి. శెనక్కాయల పొడి వేసిన వంకాయ కూర అన్నంలోకి రెండు గరిటెలు చాలు. అన్నం లేనివాళ్లు గిన్నెడు తింటారు. పాత కొలతలోనే వండితే నాలుక మండుతుంది, రక్తపోటు ఉన్నవాళ్లకు ఉప్పు మితిమీరుతుంది. గోగాకు పుల్లగూరలో కారం సగానికి తగ్గించి, కాసింత తోటకూర కలిపి చూడాలి. గుమ్మడికాయ కూరలో బెల్లం, వేపుళ్లలో శెనగపిండి మానేయాలి. ఈ సర్దుబాటు చేయని ఇళ్లలో పథ్యం నాలుగు రోజులకే విసుగనిపిస్తుంది.

ఖర్చు మాట దాచనక్కర్లేదు. రేషన్ బియ్యంతో గడిచే ఇంటికి గిన్నెడు కూర భారమే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో టమాటా రెండు వందల రూపాయల దాకా పోయింది. పెరట్లో సొరపాదు, తోటకూర మడి ఉన్నవాళ్లకు ఆ దిగులు కొంత తక్కువ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అన్నం మానమనలేదు, కానీ దాని 2024 మార్గదర్శకాల పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలవే. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాకే అన్నం తగ్గించండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఆకుకూరలు పెంచే ముందూ అడగండి.